గరగర గుడి లోపలిదే

చర్చి పెళ్ళిళ్ళు వీడియో తీసే వృత్తిలో కెమెరా చరిత్ర అందరికీ నోటికి వచ్చు. వీహెచ్‌ఎస్ ఎప్పుడు పోయింది, మినీ డీవీ ఎప్పుడు వచ్చింది, డీఎస్‌ఎల్‌ఆర్ వచ్చాక భుజం మీద బరువు ఎలా తగ్గింది, ఏ స్టూడియోలో అడిగినా చెబుతారు. మైకు చరిత్ర మాత్రం ఎవరూ రాసుకోలేదు. అందుకే వరుడు ప్రమాణం పలికే వేళకు హెడ్‌ఫోన్‌లో గరగర మొదలైతే దాని కారణం వెతికే పద్ధతి ఒక తరం నుంచి ఇంకో తరానికి అందలేదు. అందింది ఒక్క నమ్మకమే: బయట ఎక్కడో టవరు ఉంది, ఇదంతా దానివల్లే. ఒకప్పుడు ఆ టవరు రేడియో స్టేషనుది, తర్వాత సెల్‌ఫోనుది, ఇప్పుడు 5జీది. టవర్లు మారాయి గాని నమ్మకం మారలేదు. అది చాలా మటుకు తప్పని ఇక్కడ వాదించదలచుకున్నాను. కార్డ్‌లెస్ మైకును చెడగొట్టేది ఎక్కువసార్లు చర్చి గుడి గోడల లోపలే, మైకుకో రిసీవరుకో పది గజాల దూరంలోనే ఉంటుంది. చాలాసార్లు అది పెళ్ళివారు, పాటల బృందం, వీడియోవాళ్ళు తమ వెంట తెచ్చుకున్న వస్తువే.

దీనికి సాక్ష్యంగా తమిళనాడు దక్షిణాన విరుదునగర్, శివకాశి, కోవిల్‌పట్టి నడుమ ఉన్న మెట్టనేలను తీసుకుంటాను. ఆ మెట్టనేలలో తిరుత్తంగల్ శివకాశిని ఆనుకుని ఉన్న ఊరు. 2021లో రెండు పురపాలక సంఘాలూ కలిసి ఒకే కార్పొరేషన్ అయ్యాయి. అక్కడి గుట్ట మీద ఉన్న నిన్ఱ నారాయణ పెరుమాళ్ కోవెల 108 దివ్యదేశాల్లో ఒకటి. తమిళ కావ్యం చిలప్పదికారం ఈ ఊరిని తంగాల్ పేరుతో చెబుతుంది. ఇంకా మాట స్థిరపడని వయసులో స్వరం తప్పకుండా వేదం వల్లించి బహుమానం గెలుచుకున్న పసివాడి కథ ఈ ఊరిదే. ఈ సీమలో ఇంటి భాషగా తెలుగు నిలుపుకున్నవాళ్ళు ఎందరో: కమ్మవారు, రెడ్లు, రాజకంబళం నాయకర్లు, అరుంధతీయులు, రాజపాళయం రాజులు. కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసేవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ ‘గోపల్ల గ్రామం’ నవలకు తెలుగువాళ్ళు ఈ సీమకు వలస రావడమే కథావస్తువు. క్రైస్తవం కూడా ఇక్కడ నిన్న మొన్నటిది కాదు. తెలుగు పాలెగాళ్ళు ఏలిన ఎట్టయపురం సీమలోని కామనాయక్కన్‌పట్టి మదురై మిషన్ జెస్యూట్లకు పాత కేంద్రం. తమిళులు వీరమామునివర్ అని పిలుచుకునే బెస్కి అక్కడ పనిచేశాడు. ప్రొటెస్టెంట్ల వైపు చూస్తే, కేంబ్రిడ్జిలో ఫెలోగా ఉన్న థామస్ రాగ్లండ్ 1854లో ఉత్తర తిరునల్వేలి సంచార మిషన్ మొదలుపెట్టి, గుడారాలతో ఊరూరా తిరిగి, 1858 అక్టోబరులో శివకాశిలోనే కన్నుమూశాడు.

రాగ్లండ్ బృందానికి ఉన్న పనిముట్టు గొంతు ఒక్కటే. ఊరి బయట చెట్టు కింద నిలబడి మాట్లాడితే ముందు వరసలకు వినబడేది, వెనక వాళ్ళకు వినబడేది కాదు. గుళ్ళు కట్టాక సమస్య తలకిందులైంది: మాట చివరి దాకా చేరేది గాని రాతిగోడల మధ్య ఒకదాని మీద ఒకటి పడి అలుక్కుపోయేది. తెలుగునేల మీద దీనికి పెద్ద ఉదాహరణ మెదక్ కెథెడ్రల్. మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ పూనికతో 1914లో మొదలై 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠ జరిగిన ఆ గుడికి 175 అడుగుల గోపురం ఉంది. లోపల మాట మార్మోగకుండా పైకప్పును ప్రత్యేకంగా కట్టించారని చెబుతారు. అంటే మైకు రాకముందే, గుడిలో ధ్వనికి అడ్డు గుడి కట్టడమే అని, దాన్ని కట్టేటప్పుడే సరిచేసుకోవాలని ఆ తరానికి తెలుసు. ఈ తెలివి మైకుల కాలంలో ఎందుకు మసకబారిందన్నదే అసలు ప్రశ్న.

చర్చి పెళ్ళికి మాట ఎందుకంత ముఖ్యమో కూడా చెప్పుకోవాలి. మన హిందూ పెళ్ళి వీడియోలో నాదస్వరం, డోలు నడుస్తుంటే చాలు. పురోహితుడి మంత్రం స్పష్టంగా వినపడకపోయినా జీలకర్ర బెల్లం, తాళి, తలంబ్రాలు కంటికి కనిపిస్తాయి. పెళ్ళి జరిగిందనడానికి కంటిచూపే సాక్ష్యం. చర్చి పెళ్ళిలో ఉంగరాలు, దక్షిణాదిలో చాలాచోట్ల తాళి కూడా ఉన్నా, పెళ్ళిని పెళ్ళి చేసేది పలికిన మాట. 1983 నాటి కేథలిక్ ధర్మశాస్త్రం 1104వ సూత్రంలో వధూవరులు తమ సమ్మతిని మాటల్లో చెప్పాలని, మాట్లాడలేనివారైతే సమానమైన సంజ్ఞలతో చెప్పాలని ఉంది. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం మేరేజ్ రిజిస్ట్రారు ముందు జరిగే పెళ్ళిలో పలకవలసిన వాక్యాన్ని కూడా ఇచ్చింది. అందులో వరుడు ముందుగా అక్కడున్నవాళ్ళను సాక్షులుగా పిలుస్తాడు. సాక్షికి వినబడని ప్రమాణం ఏం ప్రమాణం? కాబట్టి హిందూ పెళ్ళి తీసేవాడికి సౌండు అలంకారమైతే, చర్చి పెళ్ళి తీసేవాడికి అదే వస్తువు. మౌనంగా కదిలే పెదవుల మీద సినిమా పాట అతికిస్తే ఆ కుటుంబానికి దక్కాల్సింది దక్కనట్టే.

మన దేశంలో సభలకు లౌడ్‌స్పీకర్లు 1930ల నుంచి అలవాటయ్యాయి. కాంగ్రెస్ సభలకు బొంబాయి నుంచి నానిక్ మొట్వానీ ‘షికాగో రేడియో’ పేరుతో పంపిన మైకులు ఆనాటి గాంధీ, నెహ్రూ ఫోటోల్లో ఇప్పటికీ కనిపిస్తాయి. 1940లో ఢిల్లీలో మొదలైన అహూజా కంపెనీ యాంప్లిఫయర్లు తర్వాత చిన్న ఊళ్ళ గుళ్ళకు, కోవెళ్ళకు, మసీదులకు, రాజకీయ వేదికలకు ఒకేలా చేరాయి. ఆ కాలమంతా మైకు అంటే వైరు. గోల లేదని కాదు: మైకు స్పీకరుకు ఎదురుగా వస్తే కూత, ఎర్తు సరిగా లేకపోతే హమ్ము, జాక్ వదులైతే చిటపట. అయినా ప్రతి చప్పుడుకూ ఒక చోటు ఉండేది. వైరు పట్టుకుని వెళ్తే తప్పు ఎక్కడుందో దొరికేది. మైకు సెట్టు అద్దెకిచ్చే మనిషికి కారణం వెతకడమంటే నడవడమే: మైకు దగ్గర మొదలుపెట్టి యాంప్లిఫయరు దాకా నడిచి, ఒక్కొక్క అతుకు చేత్తో కదిపి చూడడం. గుడి మైకు మీద పెద్ద వివాదం లేచింది కూడా దాని గరగర గురించి కాదు, బయటికి పోయే దాని హోరు గురించి. మద్రాసులోని చర్చ్ ఆఫ్ గాడ్ సంఘానికీ చుట్టుపక్కల కాలనీవాళ్ళకూ నడిచిన కేసులో సుప్రీంకోర్టు 2000 ఆగస్టు 30న తీర్పు చెప్పింది: ఇతరుల ప్రశాంతతకు భంగం కలిగించేలా లౌడ్‌స్పీకర్లలో ప్రార్థన చేయాలని ఏ మతమూ చెప్పదని. ఇక్కడొక మాట చెప్పాలి. ఆ తీర్పు తర్వాత స్పీకర్లను లోపలికి తిప్పుకున్న గుడిలో వీడియో మైకుకు పని సులువైంది. బయటి హార్నుల హోరు ప్రమాణాల మీద పడడం తగ్గింది.

వీడియో 1982 తర్వాత వచ్చింది. ఏషియన్ గేమ్స్ ఏడాది రంగుల టీవీ వచ్చింది, వెనకే వీసీఆర్‌లు, భుజం మీద మోసే వీహెచ్‌ఎస్ కెమెరాలు. ఆ కెమెరా ముందు భాగంలో ఉండే మైకు దగ్గరి చప్పుళ్ళే పట్టేది: పక్కవాడి దగ్గు, లైటు పట్టుకున్న కుర్రాడి మాటలు. బలిపీఠం దగ్గర పలికిన మాట దానికి చేరేది కాదు. అప్పట్లో తెలిసిన దారి ఒక్కటే, గుడి యాంప్లిఫయరు నుంచి పొడవాటి వైరు లాగి కెమెరాకు కలపడం. అది పనిచేసింది. అయినా పెళ్ళివారికి నడవ మీద వైరు నచ్చలేదు, పెళ్ళికూతురి గౌను తట్టుకుంటుందన్న భయం ఉండేది, ఫాదరుకు బలిపీఠం మెట్ల మీద కెమెరామన్ తిరగడం నచ్చలేదు. వైరు పోయింది ధ్వని కోసం కాదు, మర్యాద కోసం, చూపు కోసం. ఇది గుర్తుంచుకోవాలి.

వైరు లేని మైకు అప్పటికే పాతది. అమెరికాలో షూర్ కంపెనీ 1953లో ‘వాగబాండ్’ పేరుతో ఒకటి తెచ్చింది. జర్మనీలో సెన్‌హైజర్ 1957లో ‘మిక్రోపోర్ట్’ చూపించింది. 1964లో వచ్చిన ‘మై ఫెయిర్ లేడీ’ సినిమాలో రెక్స్ హారిసన్ పాటలను ముందే రికార్డు చేసి పెదవులు కలపడానికి ఒప్పుకోకపోతే ఆయన దుస్తుల్లో చిన్న వైర్‌లెస్ మైకు దాచారు. సౌండు విభాగంలో జార్జ్ గ్రోవ్స్‌కు ఆస్కార్ దక్కింది. మన చిన్న ఊళ్ళకు అవేవీ రాలేదు. వచ్చినవి చౌక వీహెచ్‌ఎఫ్ కార్డ్‌లెస్సులు, అంతకంటే చౌకగా 88 నుంచి 108 మెగాహెర్ట్జ్ మధ్య పంపే ‘ఎఫ్‌ఎం మైకులు’. ఈ రెండోదానికి రిసీవరు వేరే అక్కర్లేదు, మామూలు రేడియో సెట్టు చాలు. విరుదునగర్ సీమలో ఆ బ్యాండులో ఒక పెద్ద పొరుగువాడు ఉన్నాడు: కొడైకెనాల్ ఆకాశవాణి, 100.5 మెగాహెర్ట్జ్. కొడైకెనాల్ శివకాశికి ఉత్తరాన పిట్టదారిన సుమారు 90 కిలోమీటర్లు. రెండు వేల మీటర్లు దాటిన ఎత్తు నుంచి ఆ ప్రసారం దక్షిణ తమిళనాడు మైదానంలో చాలా భాగానికి అందుతుంది. వరుడి గొంతు నడుస్తుండగా ఒక్కసారిగా సినిమా పాట మొత్తంగా వచ్చి మాట పూర్తిగా మాయమవడం ఎఫ్‌ఎం స్వభావం. ఎఫ్‌ఎం రిసీవరు రెండు సంకేతాల్లో బలమైనదాన్ని పట్టుకుని బలహీనమైనదాన్ని పూర్తిగా వదిలేస్తుంది. రెండూ కలగాపులగంగా వినిపించవు. కాబట్టి పాట వచ్చిందంటే కొడై స్టేషను అప్పటికప్పుడు బలపడలేదు, మైకు బలహీనపడింది. వరుడు అటు తిరిగాడు, ఒంటికీ రిసీవరుకూ మధ్య ఫాదరు వచ్చాడు, లేదా తొమ్మిది వోల్టుల బ్యాటరీ దిగిపోయింది.

నా వాదనకు ఎదురు నిలిచే మొదటి ఉదాహరణ ఇదే, దీన్ని దాటవేయకూడదు. కొడై ప్రసారం నిజంగా బయటిదే, నిజంగా బలమైనదే. ఇక్కడ టవరును నిందించినవాళ్ళు ఒట్టిమాట చెప్పలేదు. కానీ ఆ పొరుగువాడు ఏళ్ళ తరబడి ఒకే అంకె మీద కూర్చున్నాడు. తర్వాత ప్రైవేటు ఎఫ్‌ఎంలు మదురై, తూత్తుకుడి, తిరునల్వేలి నుంచి వచ్చి చేరినా వాటి అంకెలూ స్థిరమే, వాటిని అవే రోజంతా చాటుకుంటాయి. కదలని అడ్డును ఒకసారి తెలుసుకుంటే పక్కకు తప్పుకోవచ్చు. పెళ్ళిలో కొంప ముంచేది ముందురోజు సాయంత్రం లేకుండా, మర్నాడు ప్రమాణాల వేళకు వచ్చి కూర్చునేది. అలాంటిది టవరు కాదు, మనిషి జేబులో ఉండేది.

మన దేశంలో మొదటి సెల్‌ఫోన్ కాల్ 1995 జూలై 31న కలకత్తా నుంచి నాటి బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతి బసు ఢిల్లీలోని కేంద్ర మంత్రి సుఖ్‌రామ్‌కు చేసినది. 2003లో ఇన్‌కమింగ్ ఉచితమయ్యాక ఫోను పల్లెల దాకా చేరింది, దానితోపాటు గుళ్ళలోకి ఒక కొత్త చప్పుడు వచ్చింది. కాల్ రాబోయే ముందు స్పీకర్లలో టిక టిక టిక, వెంటనే బర్ర్‌మనే మోత. దాని కారణం చాలా స్పష్టం. జీఎస్‌ఎం ఫోను నిరంతరంగా పంపదు. సెకనుకు సుమారు 217 సార్లు చిన్న తునకలుగా పంపుతుంది. ఆ తునకల వేగం మన చెవికి వినబడే స్థాయి, కాబట్టి దగ్గరలో ఉన్న మైకు వైరో యాంప్లిఫయరు ముందరి భాగమో ఆ తునకలను పట్టుకుని 217 హెర్ట్జ్ మోతగా మార్చేస్తుంది. ఇది కార్డ్‌లెస్ మైకుకే కాదు, వైరు మైకుకూ వచ్చింది. వైరే సర్వరోగ నివారిణి అన్నవాళ్ళకు ఇది నిజమైన జవాబు. అయితే వచ్చింది ఎక్కడి నుంచి? పల్పిట్ మీద బైబిలు పక్కన పెట్టిన ఫోను నుంచి, వరుడి కోటులో కాలర్ మైకు ట్రాన్స్‌మిటరుతో ఒకే జేబులో ఉన్న ఫోను నుంచి. అదే సమయంలో ఊరి టవరు ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తూనే ఉంది, అది ఆ మోత పుట్టించలేదు.

ఎందుకో లెక్క కడితే తెలుస్తుంది. టవరు మీది ఒక యాంటెనా మనవైపు గుప్పించే బలం రెండు వేల వాట్లకు సమానం అనుకుందాం, అది కిలోమీటరు దూరంలో ఉంది. 4జీ ఫోను పంపగలిగే గరిష్ఠ బలం ఒక వాటులో అయిదో వంతు, అది మీటరు దూరంలో ఉంది. దూరం పెరిగిన కొద్దీ బలం దూరం వర్గంలో తగ్గుతుంది. కిలోమీటరు అంటే వెయ్యి మీటర్లు, వెయ్యి వర్గం పది లక్షలు. రెండు వేలను పది లక్షలతో భాగిస్తే 0.002. ఫోనుది 0.2. అంటే ఆ చోట టవరు కంటే పక్కనున్న ఫోను నూరు రెట్లు బలంగా ఉంది. గోడలు, చెట్లు, యాంటెనాల దిశ వంటివి లెక్కలోకి తెస్తే టవరు వాటా ఇంకా తగ్గుతుందే గాని సాధారణంగా పెరగదు. ఆకాశంలో ఎర్ర దీపంతో కనిపించే వస్తువు మీద మన అనుమానం సహజం. లెక్క మాత్రం జేబులో కనిపించని వస్తువు వైపు చూపుతుంది. ఇదే లెక్క మైకుకూ వర్తిస్తుంది. పది మిల్లీవాట్ల మైకుకు ఇరవై మీటర్ల వెనక కెమెరా మీద రిసీవరు పెట్టినదానికంటే, అయిదు మీటర్ల దూరంలో మొదటి బెంచీ చివర పెట్టి అక్కడి నుంచి వైరు తెస్తే పదహారు రెట్లు బలం అందుతుంది. అంత బలం ఏ ఖరీదైన పెట్టె కొన్నా రాదు.

యూహెచ్‌ఎఫ్ మైకులు అందుబాటు ధరకు దిగాక అడ్డు ఇంకా లోపలికి వచ్చింది. ఒక్కొక్క పెళ్ళికి ఎన్ని మైకులు? ఫాదరు కాలర్ మైకు ఒకటి, చదువరికి చేతి మైకు ఒకటి, పాటల బృందానికి రెండో మూడో, వరుడి తరఫు వీడియోవాళ్ళది ఒకటి, వధువు తరఫు వీడియోవాళ్ళది ఇంకొకటి. దీనికితోడు ఈస్టరుకు ముందరి తపస్సు కాలంలోను, క్రిస్మస్ ముందరి ఆగమన కాలంలోను పెళ్ళిళ్ళు చేయని ఆనవాయితీ వల్ల ఈస్టరు తర్వాతి వారాల్లో ముహూర్తాలు గుమిగూడతాయి. క్రైస్తవ వివాహ చట్టం పెళ్ళికి ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఏడు దాకానే సమయం ఇస్తుంది కాబట్టి ఒకే పగలు, పక్కపక్క వీధుల్లోనే రెండు మూడు జరగవచ్చు. ఇన్ని మైకులు కలిస్తే ఒక వింత పుడుతుంది: ఎవరూ పంపని అంకె మీద సంకేతం తయారవుతుంది. 500.0 మీద ఒక మైకు, 500.4 మీద ఒక మైకు పనిచేస్తూ దగ్గరదగ్గరగా ఉంటే, రెండోదాన్ని రెట్టింపు చేసి మొదటిది తీసేసిన అంకె, అంటే 500.8 దగ్గర ఒక నకిలీ పుడుతుంది, ఇటు 499.6 దగ్గర ఇంకొకటి. చూడ్డానికి చక్కగా ఉంటుందని మూడో మైకును సమాన దూరంలో 500.8 మీద పెట్టామా, దాని నెత్తినే నకిలీ కూర్చుంటుంది. సరిసమానంగా పేర్చడమే ఇక్కడ తప్పు. మూడోదాన్ని ఏ 501.3 మీదికో తప్పిస్తే గరగర పోతుంది. ఈ సంగతి తెలియక ఎన్ని మైకులు ‘పాడయ్యాయని’ మార్చారో, ఎన్ని పెళ్ళిళ్ళ తర్వాత ఊరి టవరుకు నింద పడిందో ఊహించుకోవచ్చు.

2020లో చరిత్ర ఇంకో మలుపు తిరిగింది. మార్చి 25న లాక్‌డౌన్ మొదలైంది. ఏప్రిల్ 12న వచ్చిన ఈస్టరుకు గుళ్ళ తలుపులు మూసి ఉన్నాయి. అంతవరకు పెళ్ళి వీడియోకు పరిమితమైన పని ఆరాధన మొత్తానికి వ్యాపించింది. ఫోనో కెమెరానో పెట్టి ప్రతి సంఘమూ ప్రత్యక్ష ప్రసారం మొదలుపెట్టింది. అందుకు దొరికిన మైకులు 2.4 గిగాహెర్ట్జ్‌వి: రోడ్ వైర్‌లెస్ గో 2019లో వచ్చింది, తర్వాత డీజేఐవి, చైనావి బోలెడు. మన దేశంలో ఆ బ్యాండును తక్కువ బలానికి లైసెన్సు లేకుండా వాడుకోవచ్చని 2005లోనే ప్రభుత్వం అనుమతించింది. అందుకే అందరూ అక్కడికే చేరారు: వైఫై, బ్లూటూత్, డ్రోను, వైర్‌లెస్ మౌసు, సీసీ కెమెరా. మొత్తం వెడల్పు 83.5 మెగాహెర్ట్జ్, ఒకదాన్నొకటి తొక్కకుండా వైఫై చానళ్ళు మూడే ఇముడుతాయి. ఖాళీ గుడిలో పరీక్షించినప్పుడు నిక్కచ్చిగా పనిచేసిన మైకు, జనం నిండాక తెగిపోవడం ఇక్కడ మామూలైంది. ఇందులో రహస్యం లేదు. అయిదు వందల మందితోపాటు అయిదు వందల ఫోన్లు లోపలికి వచ్చాయి. మనిషి ఒంట్లోని నీరు ఆ తరంగాన్ని మింగేస్తుంది. పైగా ప్రసారం కోసం తెచ్చిన హాట్‌స్పాటును సర్దుబాటుగా ఉంటుందని రిసీవరు పక్కనే బల్ల మీద పెట్టారు. ఆ చివరిది ఒక్కటి రెండు మీటర్లు జరిపితే సగం బాధ తీరుతుంది. నూటికి తొంభై మంది అది తప్ప అన్నీ చూస్తారంటే తప్పు కాదనుకుంటాను.

ఇక గట్టి అభ్యంతరం ఒకటి ఉంది. ప్రభుత్వం గాలిని కంపెనీలకు అమ్మింది, మైకులవాళ్ళను రోడ్డున పడేసింది, అసలు కారణం అదే అంటారు. అమెరికాలో ఇది అక్షరాలా జరిగింది. అక్కడ 700 మెగాహెర్ట్జ్ బ్యాండులో వైర్‌లెస్ మైకుల వాడకాన్ని 2010 జూన్ 12 నుంచి నిషేధించారు. 600 మెగాహెర్ట్జ్ బ్యాండులో అమ్మేసిన భాగాన్ని 2020 జూలై 13 నాటికి ఖాళీ చేయించారు. వేల చర్చిలు మైకులు మార్చుకున్నాయి. మన దగ్గర 700 బ్యాండును 2016లో వేలానికి పెడితే ఎవరూ కొనలేదు. 2022 వేలంలో జియో దేశమంతటా 10 మెగాహెర్ట్జ్ తీసుకుంది. కాబట్టి 700, 800 మధ్య పనిచేసే చౌక మైకులు ఉన్నవాళ్ళకు ఈ అభ్యంతరం నిజమే, ఆ మైకులు మార్చుకోవలసిందే. అలాంటి కేసులో కూడా మైకు తెగేది టవరు దెబ్బకంటే, ఆ బ్యాండులో పైకి పంపుతున్న ముందు బెంచీ ఫోను దెబ్బకు ఎక్కువ. ఇంకో సంగతి: అమెరికాలో రాసిన సలహాలన్నీ ముందుగా స్థానిక టీవీ చానళ్ళను చూసుకోమంటాయి, అక్కడ మైకులకు టీవీయే పొరుగువాడు గనక. మన దగ్గర 2021, 2022 నాటికి దూరదర్శన్ పాత అనలాగ్ టవర్లు దాదాపు అన్నీ ఆగిపోయాయి. 470 నుంచి 580 దాకా ఉన్న నేల తిరుత్తంగల్ వంటి ఊళ్ళలో అమెరికా నగరాలతో పోలిస్తే ఎంతో ప్రశాంతం. అంటే ఆకాశం మనకు అనుకూలంగానే మారింది, గరగర మాత్రం తగ్గలేదు. టవరే కారణమైతే తగ్గి ఉండాలి కదా? చట్టం వైపు చూస్తే, 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం లైసెన్సు లేని యంత్రాన్ని దగ్గర ఉంచుకోవడాన్నే నిషేధించింది. 2023లో వచ్చిన టెలికమ్యూనికేషన్ల చట్టం ఆ పాత చట్టం స్థానం తీసుకుంది. యూహెచ్‌ఎఫ్‌లో మైకు ఎప్పుడూ అతిథే, ఇంటివాడు కాదు. అతిథికి రక్షణ తక్కువ కాబట్టి జాగ్రత్త అతనే పడాలి.

మరొక మాట స్టూడియోవాళ్ళు అంటారు: ఖరీదైన మైకు కొంటే ఇదంతా అవసరం లేదని. డబుల్ యాంటెనా రిసీవరు మేలు చేస్తుంది. రాతిగోడలకు తగిలి తిరిగి వచ్చిన తరంగం అసలుదాన్ని కొట్టేసే చోట ఒక యాంటెనా మూగబోయినా ఇంకొకటి పట్టుకుంటుంది. 600 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు అర మీటరే కాబట్టి ఒక అడుగు పక్కకు జరిగినా తేడా తెలుస్తుంది. కానీ జేబులో ఫోను, సమానంగా పేర్చిన అంకెలు, రిసీవరు పక్కన హాట్‌స్పాటు, ఇరవై మీటర్ల దూరం, ఈ నాలుగింటినీ ఎంత ధర పెట్టినా తప్పించలేం. ధర పెరిగేకొద్దీ దొరికిన అసలు మేలు వేరే దిక్కు నుంచి వచ్చింది: మైకులోనే రికార్డింగు. 2010 ప్రాంతంలో జూమ్ హెచ్1 వంటి అరచేతి రికార్డర్లు వరుడి జేబులోకి చేరాయి. 2021లో రోడ్ వైర్‌లెస్ గో 2 ట్రాన్స్‌మిటరులోనే ఆ పని పెట్టింది. గాలిలో ఏది తెగినా ఒంటి మీది శబ్దం చెక్కుచెదరదు, తర్వాత ఎడిటింగులో కలుపుకోవచ్చు. ఇది వైర్‌లెస్ విజయం కాదు. మాట పుట్టిన చోటే దాన్ని పట్టుకోవాలన్న వైరు కాలం బుద్ధికి తిరిగి వెళ్ళడం. ప్రత్యక్ష ప్రసారానికి ఇది చాలదు, నిజమే. దానికి గుడి మిక్సర్ నుంచి వైరు తెచ్చుకోవడం నేటికీ అన్నిటికంటే నమ్మదగ్గది. వైరును వద్దన్నది పెళ్ళికూతురి గౌను కోసం, మిక్సర్ గది నుంచి ప్రక్క గోడ వెంబడి పోయే వైరుకు ఆ అభ్యంతరం లేదు.

ఈ వృత్తికి ఇంకా లేనిది అంకెల జ్ఞాపకం. గుడిలో ఏయే మైకు ఏ అంకె మీద నడుస్తుందో, మిక్సర్‌లో లైన్ అవుట్ ఎక్కడుందో, ఏ బెంచీ దగ్గర రిసీవరు మూగబోతుందో రాసిన కాగితం సంఘం ఆఫీసులో పెళ్ళి రిజిస్టరుతో పాటు ఉండాలి. సౌండు సర్వీసువాళ్ళు మైకులు మారుస్తుంటారు కాబట్టి అది నిలవదని అంటారు. మారినప్పుడు ఒక గీత కొట్టి ఇంకో అంకె వేస్తే సరిపోతుంది. రెండు వైపుల వీడియోవాళ్ళూ ఉదయం వచ్చి దాన్ని చూసి తమ మైకుల అంకెలు ఒకరికొకరు చెప్పుకుంటే, వరుడు ఫోనును తోడిపెళ్ళికొడుకు చేతికిస్తే, ఆ తర్వాత కూడా గరగర వచ్చినప్పుడు మాత్రమే బయటికి వెళ్ళి టవరు వైపు చూడడానికి కారణం ఉంటుంది.